ఫాంటమ్ జెట్టా, ఫాంటమ్ కారా: కెమెరా దేనికి పెట్టాలి?

ఖర్చు: 1958లో మొదటిసారి ఎగిరిన ఎఫ్-4 ఫాంటమ్ యుద్ధవిమానానికి 400 ఎంఎం లెన్స్ లేకపోతే ఫోటోలో చుక్కే మిగులుద్ది. రోల్స్ రాయిస్ ఫాంటమ్ కారుకి (1925 నాటి పేరు) 50 ఎంఎం చాలు.

కష్టం: జెట్‌కి షట్టర్ స్పీడు 1/1000 సెకను పైనే, కాకపోతే దాని నల్లపొగ దూరం నుంచే కనిపిస్తది కాబట్టి రెడీ అవ్వచ్చు. కారు కదలదు గానీ క్రోమ్ గ్రిల్‌లో మన ఎర్ర టీషర్ట్‌తో సహా పడిపోతాం, పోలరైజర్ (ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్) అద్దాల మీద పనిచేస్తది, క్రోమ్ మీద చెయ్యదు, అందుకే నల్లచొక్కా వేసుకుని పక్కనుంచి తియ్యాలి.

రిస్క్: మబ్బు పడితే జెట్ ఫోటో గోవిందా, కారుకి అదే మంచి లైటు.

లెన్సూ, విదేశీ ఎయిర్‌షోకి టికెట్టూ ఉంటే జెట్టే. హైదరాబాద్‌లో ఉండి ఒక్క ఆదివారమే ఖాళీ అంటే కారే, ముందు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మీద ఫోటోలు తీసి ప్రాక్టీస్ చేసుకోండి, ఫాంటమ్ లాగే అదీ దెయ్యం పేరేగా!