మోడల్ విమానానికి స్ట్రా హ్యాట్ ఎల్‌ఈడీలు: ఎటు నుంచి చూసినా కనబడతాయా?

చీకటి పడ్డాక ఎగరేసే మోడల్ విమానానికి రెక్క చివరి లైటే దారి. మలుపులో అది మాయమైందంటే విమానం మన వైపు వస్తోందో, దూరంగా పోతోందో తెలియదు. ఆ అయోమయం రెండు సెకన్లు సాగితే చాలు, నేలకూలుతుంది. మామూలు 5 మి.మీ. పారదర్శక ఎల్‌ఈడీతో వచ్చే చిక్కు ఇదే. దాని గుండ్రటి తల ఒక లెన్సు. వెలుగునంతా 15 నుంచి 30 డిగ్రీల సన్నటి పాయగా ముందుకు తోస్తుంది. ఎదురుగా చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి, కాస్త పక్కకి జరిగితే వెలుగుతోందో లేదో కూడా తెలియదు.

స్ట్రా హ్యాట్ రకం ఈ లోపాన్ని చాలావరకు తీరుస్తుంది. వ్యాసం 4.8 మి.మీ., తల పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, కోణం దాదాపు 120 డిగ్రీలు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా పేరు చెప్పి అడగాలి. ‘5 ఎంఎం ఎల్‌ఈడీ’ అంటే చేతిలో పెట్టేది సన్న పాయదే. ఆకుపచ్చ కావాలంటే ‘ప్యూర్ గ్రీన్’ అనాలి. పాత రకం పసుపు కలిసిన ఆకుపచ్చ దూరం నుంచి పసుపులాగే కనబడుతుంది. తెల్ల ఎల్‌ఈడీకి ఎర్ర రంగు పూసి సరిపెట్టుకోవద్దు. తెల్లదాని వెలుగులో ఎరుపు పాలు తక్కువ, ఆ పూతలోంచి బయటికొచ్చేది మిణుగురంత.

120 డిగ్రీలంటే ఆ మేరంతా ఒకే వెలుగు అనుకుంటే పొరపాటే. నడిమధ్య నుంచి అటూ ఇటూ 60 డిగ్రీల దగ్గర వెలుగు సగానికి పడిపోతుంది, 90 దగ్గర దాదాపు ఏమీ మిగలదు. అంటే ఒక్క ఎల్‌ఈడీ వెనక వైపు చూపించదు. నావిగేషన్ లైట్లకి అది లోపం కాదు, అవసరమే. అసలు విమానాల్లో ఎడమ రెక్క ఎరుపు, కుడి రెక్క ఆకుపచ్చ ఒక్కోటీ ముక్కు సూటి నుంచి పక్కకి 110 డిగ్రీల వరకే కనబడతాయి. మిగిలిన 140 డిగ్రీలు తోక తెల్ల లైటువి. మూడూ కలిస్తే 360. స్ట్రా హ్యాట్‌ని ముక్కు దిశ నుంచి 55 డిగ్రీలు బయటికి తిప్పి అతికిస్తే ఈ 110 డిగ్రీల మేరకి దాదాపుగా సరిపోతుంది. అరగదీయక్కర్లేదు, ఏమీ తొడగక్కర్లేదు. ఎరుపూ ఆకుపచ్చా అన్ని వైపులా కనబడేలా చేసేవాళ్లున్నారు. అలా చేస్తే వెనక నుంచి కూడా రెండూ కనబడి, దిశ చెప్పాల్సిన లైట్లే దిశని మరుగుచేస్తాయి. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి.

అన్ని వైపులా కనబడాల్సింది బీకన్, స్ట్రోబ్ అనే మినుకుమినుకుమనే హెచ్చరిక లైట్లు. వీటికి స్ట్రా హ్యాట్ ఒక్కటే చాలదు. రంగు వేయని తెల్ల ఫోమ్ విమానమైతే మంచి దారుంది: ఎల్‌ఈడీని ఫోమ్‌లో 10, 15 మి.మీ. లోతున పాతిపెట్టండి. ఫోమ్‌లోని గింజలు వెలుగుని చెదరగొట్టి ఆ భాగమంతా లాంతరులా వెలుగుతుంది. గాలికి అడ్డూ పెరగదు, బరువూ పెరగదు. పైన రంగు గానీ టేపు గానీ ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు టేబుల్ టెన్నిస్ బంతి తొడగొచ్చు. 40 మి.మీ. బంతి బరువు 2.7 గ్రాములే. అయితే ఎల్‌ఈడీ సూటిగా పైకి చూస్తే బంతి నెత్తిన తెల్లటి మచ్చ ఒకటి మెరుస్తుంది, అడుగు నల్లగా ఉండిపోతుంది. ఎల్‌ఈడీని తలకిందులుగా నిలిపి, అడుగున తెల్ల కాగితం అతికిస్తే వెలుగు తిరిగి కొట్టి బంతంతా సమంగా పరుచుకుంటుంది. వంద గ్రాముల ఇండోర్ మోడల్‌కి ఆ బంతి కూడా ఎక్కువే.

ఇంట్లో ఉన్న సన్న పాయ ఎల్‌ఈడీలే వాడాలంటే 400 నంబరు వాటర్ పేపర్‌తో తల మొత్తం మసకబారే దాకా గీకండి. పక్కలకి వెలుగు వస్తుంది, కానీ ఎదుటి మెరుపు తగ్గుతుంది. గ్లూ గన్ జిగురు ముద్ద పెట్టడం కూడా పనిచేస్తుంది, కానీ వేడి ముద్ద ఫోమ్‌ని కరిగిస్తుంది, ఎండలో ఆపిన కారులో మెత్తబడి జారుతుంది. అతికించడానికి ఐదు నిమిషాల ఎపాక్సీ మేలు. సూపర్ గ్లూ ఆవిరి తలమీద తెల్లటి పొర కడుతుంది, మామూలు థర్మోకోల్‌నైతే తినేస్తుంది.

వైరింగ్‌లో తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఎరుపునీ ఆకుపచ్చనీ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపి, రెంటికీ కరెంటుని అదుపుచేసే రెసిస్టర్ ఒకటే పెడతారు, ఆకుపచ్చ వెలగదు, ఎల్‌ఈడీ పోయిందనుకుంటారు. ఎరుపు 2 వోల్టులకే వెలుగుతుంది, ఆకుపచ్చకి, తెలుపుకి 3 దాటాలి. ఎరుపు వోల్టేజీని 2 దగ్గరే పట్టేసి ఉంచుతుంది. ఒక్కోదానికి విడి రెసిస్టర్ ఇవ్వండి. 5 వోల్టుల మీద 20 మిల్లీ ఆంపియర్లకి ఎరుపైతే 150 ఓమ్‌లు, ఆకుపచ్చ, తెలుపైతే 100. 3ఎస్ లైపో (మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ) మీద మూడు తెల్లవి వరుసగా (సిరీస్‌లో) 150 ఓమ్‌లతో కలిపితే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర బాగుంటాయి. 10.5కి దిగేసరికి కరెంటు 6 మిల్లీ ఆంపియర్లకి పడిపోయి, అవసరమైన ల్యాండింగ్ వేళకే మసకబారతాయి. రెండే వరుసగా పెట్టి 330 ఓమ్‌లు వాడితే అప్పుడు కూడా 12 మిల్లీ ఆంపియర్ల వరకు అందుతుంది.

నాలుగైదు ఎల్‌ఈడీలైతే, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ ఖాళీ చానల్ నుంచి కరెంటు తీసుకోవచ్చు. 5 వోల్టుల రంగులు మారే స్ట్రిప్‌లని మాత్రం అక్కడ తగిలించకండి. ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, ముప్పై ఉంటే 1.8 ఆంపియర్లు. 2 ఆంపియర్ల బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కి ఇచ్చే సర్క్యూట్) మీద సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) కూడా ఉంటే వోల్టేజీ కుంగి రిసీవర్ గాల్లోనే రీసెట్ అవుతుంది. వాటికి విడి బీఈసీ పెట్టాల్సిందే.

స్ట్రా హ్యాట్‌లో అసంతృప్తి ఒకటుంది: తెల్లది నడుమ నీలంగా, అంచున పసుపుగా కనబడుతుంది. ఎగిరేటప్పుడు దీనివల్ల ఇబ్బందేమీ లేదు. అసలు జాగ్రత్త పొట్ట కింద. రెక్క లైట్లు అడ్డంగా చూస్తాయి కాబట్టి విమానం నెత్తిమీదికొచ్చినప్పుడు కింద నిలబడ్డవాళ్లకి దాదాపు కనబడవు. పొట్ట కింద నేలకేసి ఒక స్ట్రా హ్యాట్ పెట్టండి, రెక్కల్లో, తోకలో లేని రంగు ఎంచుకోండి. నీలమైతే విమానం తిరగబడిందో లేదో వెంటనే తెలుస్తుంది.