ఆగిపోయిన బ్యాకప్: ఫైల్ హిస్టరీని బాగుచేసుకోవాలా, రోబోకాపీకి మారాలా?

విండోస్‌లో మన ఫైళ్లను తనంతట తానే బ్యాకప్ తీసే ఫైల్ హిస్టరీ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. చివరిసారి కాపీ చేసిన తేదీ చూస్తే మాత్రం మూడు వారాల కిందటిది. దీన్నే బాగుచేసుకోవచ్చు, లేదా దీన్ని వదిలేసి, చెప్పిన వేళకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో రోబోకాపీ (కమాండ్‌తో ఫైళ్లు కాపీ చేసే విండోస్ ప్రోగ్రామ్) పెట్టుకోవచ్చు.

ఏది చేసినా ముందు బ్యాకప్ డిస్కును చూడాలి. కాపీ మధ్యలో కరెంటు పోయినా, ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగేసినా ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ల అమరిక) దెబ్బతినొచ్చు. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్, చెక్ నొక్కండి. డిస్కు టకటకమంటుంటే ఈ చర్చే అనవసరం, కొత్తది కొనండి.

ఫైల్ హిస్టరీ మామూలుగా గంటకోసారి కాపీ తీస్తుంది, పాత వెర్షన్లను ఎప్పటికీ ఉంచుతుంది. అందుకే డిస్కు నిండిపోయి ఆగడం తరచూ జరిగేదే. కంట్రోల్ ప్యానెల్‌లోని ఫైల్ హిస్టరీలో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, 'క్లీనప్ వెర్షన్స్'తో ఏడాది దాటినవి తీసేయండి. ఈవెంట్ లాగ్ (ఏం జరిగిందో రాసి ఉండే చిట్టా) లింకూ అక్కడే ఉంటుంది. ఖాళీ ఉన్నా కదలకపోతే సెట్టింగ్స్ ఫైలు పాడైందేమో చూడాలి. ఫైల్ హిస్టరీని ఆఫ్ చేసి, మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫైల్‌హిస్టరీ వరసన వెళ్లి 'కాన్ఫిగరేషన్' ఫోల్డర్ పేరు మార్చండి (డిలీట్ చేయొద్దు). మళ్లీ ఆన్ చేసి అదే డ్రైవ్ ఎంచుకోండి. పాత కాపీలు డిస్కులోనే ఉంటాయి, పేరు చివర తేదీతో, ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచినా కనిపిస్తాయి.

'లాగ్' స్విచ్ (కమాండ్ చివర చేర్చే ఆప్షన్) ఇస్తే, రోబోకాపీ ఎక్కడ ఆగిందో దాని లాగ్ ఫైలే చెబుతుంది. ఈ విషయంలో ఫైల్ హిస్టరీ దాని ముందు దిగదుడుపే. అయితే రోబోకాపీ కూడా ఆగుతుంది, అదీ విచిత్రంగా. ఒక ఫైలు వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉండి లాక్ అయితే 30 సెకన్లకోసారి, 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఒక్క ఫైలుకే 347 రోజులు! 'ఆర్' స్విచ్‌కు (ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి) 1, 'డబ్ల్యూ'కు (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి) 5 ఇస్తే ఆ బెడద ఉండదు. యూజర్ ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తుంటే 'ఎక్స్‌జే' కూడా చేర్చండి, లేకపోతే జంక్షన్ల (వేరే ఫోల్డర్‌కు దారితీసే లింకుల) వెంట లోపలికి పోతూనే ఉంటుంది.

అసలు భయం బ్యాకప్‌ను అసలు ఫోల్డర్‌కు అచ్చుగుద్దినట్టు ఉంచే 'ఎంఐఆర్' స్విచ్‌తో. పొద్దున మీరు పొరపాటున చెరిపేసిన ఫోటోను రాత్రికి అది బ్యాకప్‌లోనూ చెరిపేస్తుంది. వెనక్కి తెచ్చుకోవడానికి పాత వెర్షన్ ఉండదు. కాబట్టి రోజూ మారే డాక్యుమెంట్లకు ఫైల్ హిస్టరీనే మేలు, శ్రమపడైనా బాగుచేసుకోండి. మారని పెళ్లి వీడియోల వంటి పెద్ద ఫైళ్లకు రోబోకాపీ చాలు, అదీ 'ఎంఐఆర్' లేకుండా, లోపలి ఫోల్డర్లనూ కాపీ చేసే 'ఈ' (E) స్విచ్‌తో.

ల్యాప్‌టాప్ అయితే టాస్క్ షెడ్యూలర్‌లో 'ఏసీ పవర్ ఉంటేనే' అన్న టిక్ తీసేయండి, తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే టిక్ పెట్టండి. రోబోకాపీ టాస్క్ ఫలితం దగ్గర 1 కనిపిస్తే కంగారొద్దు, ఫైళ్లు కాపీ అయ్యాయనే అర్థం. 8, ఆపైన వస్తేనే లాగ్ తెరవాలి.