పాత పడవ అంచు పట్టీ విరిగితే: చెక్కా, రబ్బరా, ఫైబరా?

మాది ఇరవై రెండడుగుల పాత ఫైబర్ పడవ, తెరచాప మీద నడిచేది. చెన్నైలో రెండు మూడు చేతులు మారి మా బావ దగ్గరికి, ఆయనకు నడుం నొప్పి మొదలయ్యాక నా దగ్గరికి వచ్చింది. కృష్ణపట్నం పక్కన కండలేరు ఏట్లో కట్టి ఉంచుతాం. డిసెంబరులో ఒక రాత్రి నీళ్లు తీసినప్పుడు తాడు మీద తిరిగి, పక్కనున్న ఇంజన్ బోటు లంగరుకు ఒరుసుకుంది. తెల్లారి చూస్తే కుడిపక్క ముందు భాగంలో టేకు అంచు పట్టీ మూడడుగుల మేర చీలి, చెరుకు పిప్పిలా వేలాడుతోంది.

ఇంగ్లీషులో దీన్ని రబ్ రైల్ అంటారు. పడవ చుట్టూ పైఅంచున నడుము పట్టీలా ఉంటుంది. ఒడ్డు గోడకో పక్క పడవకో తగిలినప్పుడు దెబ్బ తను తిని ఒళ్లు కాపాడుతుంది. బకింగ్‌హామ్ కాలువలో బియ్యం, ఉప్పు, కట్టెలు మోసిన రోజుల్లో లాకు గోడలకు రాసుకుని అరిగినవీ ఇట్టాంటి అంచులే. అయితే పాత ఫైబర్ పడవల్లో దీనికి ఇంకో పని ఉంది. పడవ అడుగు భాగాన్ని ఒక అచ్చులో, పైకప్పును ఇంకో అచ్చులో పోసి, చెప్పుల డబ్బాకు మూత పెట్టినట్టు కూర్చి స్క్రూలు బిగిస్తారు. ఆ అతుకును కప్పేది ఈ పట్టీయే. కాబట్టి పట్టీ చీలిందంటే కింద అతుకు కదిలిందేమో అని అనుమానపడాలి. నాకు అనుమానం అక్కర్లేకుండా పోయింది. లోపల అరలో పెట్టిన తెరచాప సంచి అడుగున తడిసి నల్లబడి ఉంది.

ఎవరిని అడిగితే వాళ్ల చేతిలో పనే మేలన్నారు. ఆచారి టేకు ముక్క అతుకుదామన్నాడు. ఫైబర్ మేస్త్రి "దీనికింత ఆలోచనేంది సార్, మ్యాట్ ఏసి మూసేస్తే సాయంత్రానికి అయిపోద్ది" అన్నాడు. మ్యాట్ అంటే రెసిన్ అనే జిగురులో తడిపి వేసే గాజు నార గుడ్డ. మా బావ మాత్రం "చెక్క పీకేసి చుట్టూ రబ్బరు కొట్టబ్బయ్యా, నీ జన్మలో దాని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు.

ముందు ఫైబర్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అన్నిటికన్నా తేలికగా కనిపించేదీ, తర్వాత ఎక్కువ ఏడిపించేదీ అదే. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దాని మీద వేసిన ఫైబర్ పొర దాంతోపాటు కదలదు. ఏడాది తిరక్కుండా సన్నని నెర్రె పడుతుంది, అందులోంచి నీళ్లు దిగుతాయి, దిగినవి బయటికి రావు. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క పులుస్తూ ఉంటుంది. అదీగాక టేకులో నూనె ఉంటుంది. బజార్లో దొరికే మామూలు పాలిస్టర్ రెసిన్ దాన్ని గట్టిగా పట్టుకోదు.

అయితే ఫైబర్ అక్కరే లేదని కాదు. పట్టీ విప్పాక కింద పడవ అంచే పగిలి ఉంటే, అక్కడ మ్యాట్ వేయాల్సిందే. పగుల్ని గట్టి భాగం తేలేదాకా గ్రైండర్‌తో తీసి, అంచులు ఏటవాలుగా అరగదీసి, పొర మీద పొర వేయాలి. దాని మీద మళ్లీ పట్టీ రావాలి. పట్టీకి బదులుగా ఫైబర్ మాత్రం వద్దు.

ఇక్కడే ఒక జాగ్రత్త. రెసిన్ గట్టిపడటానికి దాంతోపాటు కోబాల్ట్, హార్డనర్ అని రెండు సీసాలిస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, మంట లేస్తుంది, పేలనూ వచ్చు. ముందు రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిపాకే హార్డనర్ పోయాలి.

ఇక రబ్బరు. మా బావ మాటలో నిజముంది. రోజూ నాలుగు పడవల మధ్యకి దూరేవాళ్లకి, జెట్టీకి కట్టి సరుకు దించేవాళ్లకి రబ్బరే మేలు. దెబ్బ తగిలితే నొక్కుకుని మళ్లీ లేస్తుంది, పాలిష్ అడగదు. ఇంగ్లీషు డి అక్షరంలా ఉండే పట్టీ తీసుకోవాలి. దాంట్లోనూ రకాలున్నాయి. మామూలు రబ్బరు మన ఎండకు బీటలు వారుతుంది, ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరు బాగా ఆగుతుంది. పీవీసీ చవక, కానీ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయి చివర్లలో సందు వదులుతుంది. పీవీసీ వేసేవాళ్లు ముందు రోజు చుట్టను విప్పి మధ్యాహ్నం ఎండలో పరచండి, మెత్తబడి ముక్కు దగ్గర వంపు తిరుగుతుంది. బిగించేటప్పుడు సాగదీయొద్దు, కొంచెం కుదించి కొట్టండి.

మరి నేనెందుకు వద్దనుకున్నాను? ఒకటి, నా పడవకు చీలిన మూడడుగులూ, దాని పక్కన మెత్తబడిన అడుగున్నరా కలిపి నాలుగున్నర అడుగులే పోయింది. దానికోసం రెండు పక్కలా గట్టి టేకు పీకేయడానికి మనసొప్పలేదు. రెండోది అసలు కారణం. పట్టీ మారిస్తే పాత స్క్రూ బొక్కలన్నీ తెరుచుకుంటాయి, కొత్తవి ఇంకో చోట పడతాయి. ఒక్కో పక్క నలభై బొక్కలు పూడ్చాలి. ఆ పని ఎగ్గొట్టి పైన రబ్బరు కొడితే కారేది కారుతూనే ఉంటుంది, ఎక్కణ్ణుంచో కనిపించదు, అంతే. పట్టీ సగానికి పైగా పుచ్చిపోయి ఉంటే నేనూ రబ్బరుకే ఓటేసేవాణ్ణి.

అల్యూమినియం పట్టీ ఉన్న పడవలూ ఉన్నాయి. వంగిన అల్యూమినియం మళ్లీ సాపుగా రాదు, పాత పడవకు అదే అచ్చు దొరకదు. లారీ టైరు కోసి కొట్టడమంటారా, అందులోని ఇనప తీగ తుప్పు పట్టి ఒంటిమీద చారలు కారుస్తుంది. టైరును తాడుతో పక్కన వేలాడదీయండి చాలు.

చెక్కకే వచ్చాను. మొదట చేయాల్సింది కొలత కాదు, పొడిచి చూడటం. స్క్రూడ్రైవర్ మొనను బొటనవేలి బలంతో నొక్కుతూ పోయాను. చీలిక దాటాక కూడా అడుగున్నర దాకా టీలో ముంచిన రస్కులోకి దిగినట్టు దిగింది. ఆ తర్వాత ఠక్కుమని ఆగింది. గట్టి చెక్క అక్కణ్ణుంచి మొదలు. కొత్త ముక్క కూడా అక్కణ్ణుంచే.

అతుకు నిలువుగా కోసి ఆనిస్తే మొదటి అలకే విడిపోతుంది. ఏటవాలుగా కోయాలి. మందానికి ఎనిమిది రెట్లు పొడవు ఉండాలి, అంటే అంగుళం మందం పట్టీకి ఎనిమిది అంగుళాల వాలు. పైకి కనిపించే పలచని కొస పడవ వెనక వైపుకి తిరగాలి. చేప పొలుసు చూడండి, కొస తోక వైపే ఉంటుంది. తల నుంచి తోకకు చెయ్యి రాస్తే నున్నగా జారుతుంది, తిరగేసి రాస్తే లేస్తుంది. పట్టీ కూడా అంతే. ఆచారి మొదట తిరగేసి గీశాడు. పొలుసు మాట చెప్పగానే నవ్వి చెరిపేశాడు.

అతికేముందు టేకు మీద నూనె తీసే ఎసిటోన్ ద్రావకంలో తడిపిన గుడ్డతో తుడిచి, నూనె మళ్లీ పైకి రాకముందే ఎపాక్సీ జిగురు పూయాలి. ఎపాక్సీకి ఎండ పడదు, పైన వార్నిష్ తప్పనిసరి. ముక్కు వంపు కోసం గోనెపట్టా చుట్టి మరిగే నీళ్లు పోస్తూ వంచాం. ఒకే మందపు చెక్క మొండికేస్తే, రెండు పలచని బద్దలు చేసి వంచి ఒకదానికొకటి అతికితే సరిపోతుంది. బండి చక్రాలకు వాడే నల్లతుమ్మ మనకు దండిగా దొరుకుతుంది, దెబ్బకు ఆగుతుంది కానీ వంపుకు లొంగదు. తిన్నగా ఉన్న భాగానికైతే ఆలోచించవచ్చు.

పాత బొక్కల్లో అగ్గిపుల్లలు కుక్కి స్క్రూ బిగించే అలవాటు మనవాళ్లకుంది. ఇంటి తలుపుకు చెల్లుతుంది, పడవకు చెల్లదు. బొక్కను పెద్ద బిట్‌తో శుభ్రం చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలవాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్‌లో 316 రకం. షాపులో అడక్కపోతే 304 చేతిలో పెడతారు, ఉప్పునీటికి అది మచ్చలు పడుతుంది. ఇత్తడివి వద్దు, సముద్రపు నీళ్లలో జింకు కరిగిపోయి పెళుసవుతాయి.

పట్టీ వెనక నీళ్లు దిగకుండా పూసే సీలెంటు దగ్గర సిలికోన్ ట్యూబ్ తీసుకోకండి. తర్వాత ఎంత గీకినా దాని జిడ్డు పోదు, మీద పెయింటూ పట్టదు, జిగురూ పట్టదు. గట్టి పాలీయురేథేన్ సీలెంటు బాగానే పట్టుకుంటుంది కానీ, రేపు విప్పాల్సి వస్తే చెక్కతోపాటు ఫైబర్ పొర ఊడొస్తుంది. పాలీసల్ఫైడ్ సీలెంటు గానీ, జిగటగా ఉండే బ్యూటైల్ టేపు గానీ మేలు. నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో తిరిగి విసిగి, చివరికి చెన్నై నుంచి తెప్పించుకున్నాను.

ఎప్పుడు చేయాలన్నది కూడా చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, ఆ 61 రోజులు తీరంలో అందరి పడవలూ మరమ్మతుకు వస్తాయి, మేస్త్రి దొరకడు. దొరికినా రోహిణి కార్తె ఎండలో రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య రోజులు మంచివి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే జిగురు పని ముగించాలి. నాకు నాలుగు పొద్దులు పట్టింది.

అయిపోయాక లోపల అరలో పాత పేపర్లు పరిచి, బయట మా బావ పైపుతో కిందనుంచి పైకి మెల్లగా నీళ్లు కొట్టాడు. కొత్త ముక్క కింద పేపరు ఎక్కడిదక్కడ పొడిగా ఉంది. వెనక పక్క, ఎవరూ ముట్టుకోని చోట, రూపాయి బిళ్లంత తడి మచ్చ కనిపించింది. బావ తొంగి చూసి, "రబ్బరు రేటు కనుక్కోమంటావా?" అన్నాడు. ముందు స్క్రూడ్రైవర్ ఇమ్మన్నాను.