జనాభా వృద్ధాప్యం వ్యాసం: ఏళ్ల తరబడి వాడాక నా మార్కులు

విశాఖ ద్వారకానగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు ఎకానమీ, సొసైటీ పాఠాలు చెప్పడం నా పని. జనాభా చాప్టర్ మొదలుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు ఫోన్‌లో తెరిచేది ఒకటే: ఎవరైనా దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం వికీపీడియాలో జనాభా వృద్ధాప్యం (జనాభాలో పెద్దవాళ్ల వాటా పెరగడం) మీద ఉన్న ఇంగ్లిష్ వ్యాసం. వద్దన్నా మానరు కాబట్టి కొన్నేళ్లుగా వాళ్లతో పాటు నేనూ దాన్ని చదువుతూ వస్తున్నాను. పదికి ఆరు మార్కులు వేస్తాను.

ఆ ఆరింటిలో నాలుగు కారణాల భాగానికే. వైద్యం బాగుపడి జనం ఎక్కువ కాలం బతకడం వల్లే దేశం ముసలిదవుతుందని చాలామంది అనుకుంటారు. పుట్టే పిల్లలు తగ్గడమే పెద్ద కారణమని వ్యాసం స్పష్టంగా చెబుతుంది. మరణాలు తగ్గడం మొదలైతే ముందుగా బతికి బట్టకట్టేది పసిపిల్లలు. అంటే తొలిదశలో జనాభా ఇంకా కుర్రదవుతుంది. కాన్పులు తగ్గాకే జనాభా పిరమిడ్‌లో (వయసుల వారీగా జనాన్ని చూపే బొమ్మలో) పిల్లలుండే అడుగు భాగం సన్నబడుతుంది. నేను దీనికి మన రాష్ట్రాన్నే ఉదాహరణగా చెప్తాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. తరానికి తరం సరిపోవాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది కూడా ఈ లెక్కలు చూసుకునే.

గొడవంతా అంకెల దగ్గరే. నేను చదువుతూ వచ్చిన ప్రవేశికలో 60 దాటినవాళ్లు 2000లో 60 కోట్లు, 2006లో 70 కోట్లు దాటారని ఉంది. అక్కడి నుంచి ఒక్క దూకుతో 2050కి వెళ్లి 210 కోట్లంటుంది. మధ్యలో జరిగిందంతా ఎక్కడికి పోయింది? 2020 నాటికే ఆ సంఖ్య వంద కోట్లకు చేరింది. మరో చోట, ఆసియా, యూరప్‌లలో చాలా దేశాల్లో ఇరవై ఏళ్లలో 65 దాటినవాళ్లదే అతిపెద్ద వర్గం అవుతుందని రాశారు. ఎప్పటి నుంచి ఇరవై ఏళ్లు? ఏ మార్పు ఎప్పుడు చేశారో చూపే చరిత్ర ట్యాబ్ తవ్వితే తప్ప తెలియదు. జనాభా సంగతేమో గానీ ఈ వాక్యం మాత్రం ఎప్పుడో ముసలిదైపోయింది.

దీని ఫలితం జిరాక్స్ షాపుల్లో కనిపిస్తుంది. ఒక కుర్రాడు తెచ్చిన స్పైరల్ బైండింగ్ నోట్సులో 'ప్రపంచ వృద్ధులు: 60 కోట్లు' అని ఉంది. పక్కన సంవత్సరం లేదు. పైన పసుపు స్కెచ్‌తో గీత కూడా గీశాడు. ఇదేమిటని అడిగితే "నెట్‌లోనే ఉంది మేడమ్" అన్నాడు. ఉన్న మాట నిజమే.

ఇంతకంటే ప్రమాదం 60కీ 65కీ మధ్య ఉంది. మన దేశంలో సీనియర్ సిటిజన్ అంటే 60 నిండినవాళ్లు. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 చట్టం కూడా అదే గీత పెట్టుకుంది. ఐక్యరాజ్యసమితి పోలికలు ఎక్కువగా 65 మీద నడుస్తాయి. వ్యాసం ఒక పేరాలో ఇదీ, మరో పేరాలో అదీ వాడుతుంది, చదివేవాళ్లకు చెప్పకుండా. 2021లో భారత్‌లో వృద్ధులు 10.1 శాతమని కేంద్ర గణాంక శాఖ నివేదిక చెప్పింది, అది 60 దాటినవాళ్ల లెక్క. 2022లో ప్రపంచంలో సుమారు 10 శాతమని ఐరాస చెప్పింది, అది 65 దాటినవాళ్లది. రెండూ పక్కపక్కన పెట్టి "మనమూ ప్రపంచ సగటుకు వచ్చేశాం" అని మెయిన్స్ ప్రాక్టీస్ పేపర్లో రాసినవాళ్లు చాలామంది. అంకెలు రెండూ కరెక్టే, జవాబు తప్పు.

భారత్ భాగం పలచన. 2011 తర్వాత జనగణన జరగకపోవడంతో ఆ తర్వాత చెప్పే అంకెలన్నీ అంచనాలేనన్న ముఖ్యమైన మాట కూడా నాకు కనబడలేదు. ఆ అంచనాల్లోనైనా దేశమంతా ఒక్క తీరుగా లేదు. 2021కి 60 దాటినవాళ్లు కేరళలో 16.5 శాతం, ఆంధ్రలో 12.4, బిహార్‌లో 7.7. యూరప్‌లో 50 దాటినవాళ్ల మీద జరిగే షేర్ సర్వేకు చోటు దక్కింది. అదే పద్ధతిలో 45 దాటిన 72 వేల మందికి పైగా మనవాళ్లను 2017–18లో కలిసిన లాసీ సర్వే ఊసు లేదు. వలసల సంగతీ పైపైనే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఇక్కడి ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో పెద్దవాళ్లిద్దరే మిగిలితే దేశం సగటు వయసు మారకపోవచ్చు, ఆ వీధి వయసు మాత్రం మారిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లోనూ ఇదే కథ. రాష్ట్రం లోపలి ఈ తేడా పాఠానికి చాలా అవసరం.

దిద్దొచ్చు కదా అంటారు. దిద్దాను కూడా. ఆధారం చూపించి చేర్చిన అంకెలు నిలబడ్డాయి. చిక్కేమిటంటే, కొత్త అంకె చేర్చడానికి అభ్యంతరం ఉండదు గానీ పాత వాక్యం తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. అందుకే పేరాలు పెరుగుతాయి, వ్యాసం మెరుగుపడదు. వ్యాసం వెనక దిద్దేవాళ్లు మాట్లాడుకునే చర్చ పేజీలో వేసే నాణ్యత గ్రేడ్ కూడా ఎవరో ఒకరు మళ్లీ చదివి మార్చేదాకా పాతదే ఉండిపోతుంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ప్రిలిమ్స్ బిట్ల కోసం ఈ వ్యాసాన్ని నమ్ముకోకండి. మెయిన్స్‌లో 'ఎందుకు' అన్న ప్రశ్నకు చదవండి, అక్కడ బాగా పనికొస్తుంది. ఫ్రాన్స్‌లో 65 దాటినవాళ్లు జనాభాలో 7 శాతం నుంచి 14కి చేరడానికి సుమారు 115 ఏళ్లు పడితే జపాన్‌కు 1970 నుంచి 1994 వరకే పట్టిందన్న పోలిక కలిపితే జవాబుకు బలం వస్తుంది. రాష్ట్రాల లెక్కలకు మాత్రం గణాంక శాఖ నివేదికే తెరవండి. విశాఖలోనే ఉండేవాళ్లయితే ఆంధ్రా యూనివర్సిటీలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ ఏమేం ప్రచురించారో అడిగి చూడండి.