నాలుగు చలికాలాలు వాడాక శ్వాస మాస్కు గురించి

పోటీ జరిగిన రాత్రి దగ్గకుండా నిద్రపోవడం ఎంత పెద్ద సుఖమో, చలిలో నోటికి పెట్టుకునే ఈ మాస్కు కొనేదాకా నాకు తెలియదు. అంతకుముందు ప్రతి స్ప్రింట్ (మంచుమీద స్కీలతో చేసే పొట్టి పందెం) తర్వాతా ఒకటే వరస. ముగింపు గీత దాటిన ఐదు పది నిమిషాలకు ఛాతీ బిగుసుకునేది, పిల్లికూతలు మొదలయ్యేవి, నోట్లో తుప్పు రుచి, తెల్లవార్లూ పొడిదగ్గు. చలిలో స్కీయింగ్ చేసేవాళ్లకు అది మామూలేనని సీనియర్లు సర్దిచెప్పేవారు. నేనూ చాలాకాలం నమ్మాను.

మాస్కు ఆకారం, సైజులు, పట్టీల సంగతి వదిలేస్తున్నాను. నాకు ముఖ్యమైనది ముందుభాగంలో ఉన్న సన్నని లోహపు జాలీ. మనం వదిలిన ఊపిరిలోని వేడినీ చెమ్మనూ అది పట్టి ఉంచుతుంది, మళ్లీ పీల్చే గాలికి అందిస్తుంది. మైనస్ 15 డిగ్రీల గాలిలో ఘనమీటరుకు రెండు గ్రాముల నీటి ఆవిరి కూడా ఉండదు. ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి అదే గాలికి 40 గ్రాములకు పైగా కావాలి. ఆ నీరంతా శ్వాసనాళాల తడిపొర నుంచే రావాలి. నెమ్మదిగా కదిలేటప్పుడు ముక్కు ఆ పని చూసుకుంటుంది. స్ప్రింట్‌లో నోరంతా తెరిచి గాలి లాగుతాం, ఇక ముక్కుతో పనేముంది?

నేను ముందుగా ఊహించని మేలు ఒకటుంది. ఒక్కో పరుగు మూడు నిమిషాలే కదా, అంతమాత్రానికి మాస్కు ఎందుకని అనుకునేదాన్ని. అయితే ఫైనల్ దాకా వెళితే అర్హత పరుగు, క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్, ఫైనల్ కలిపి ఒకే రోజు నాలుగుసార్లు పరుగెత్తాలి. వాటికి ముందు వార్మప్, మధ్యలో నిరీక్షణ. లెక్కవేసుకుంటే చలిగాలి పీల్చే సమయంలో ఎక్కువ భాగం పోటీ బయటే గడుస్తుంది. అక్కడ మాస్కు పెట్టుకున్న మొదటి రోజే దగ్గు సగానికి తగ్గింది.

ఇక మూడో చలికాలంలో జరిగింది చెప్పాలి. ఆ రోజు కోర్సులో పల్లపు మలుపు దగ్గర మైనస్ 17. మైనస్ 20 కంటే దిగితే పోటీ జరపకూడదన్నది అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిబంధన, కొలిచేది కూడా కోర్సులో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటే. కాబట్టి పోటీ జరిగింది. ఐదు క్వార్టర్ ఫైనల్ హీట్లలో (విడివిడి పరుగుల్లో) నాది మొదటిది. బూటు మొన తేడాతో రెండో స్థానం పోయి మూడో స్థానంలో మిగిలాను. ప్రతి హీట్‌లో మొదటి ఇద్దరు నేరుగా సెమీఫైనల్‌కు వెళతారు, మిగిలినవాళ్లలో మెరుగైన సమయం ఉన్న ఇద్దరికి కూడా చోటు దొరుకుతుంది. నా సమయం బాగానే ఉంది. తక్కిన నాలుగు హీట్లూ అయ్యేదాకా ఎదురుచూడడం తప్ప వేరే దారి లేదు.

తోటివాళ్లతో మాట్లాడడానికి మాస్కు తీసి పైకోటు జేబులో పెట్టాను. సెమీఫైనల్‌కు నా పేరు పిలిచాక బయటికి తీస్తే జాలీ కళ్లన్నీ మంచుతో పూడుకుపోయి ఉన్నాయి. ఊదినా గాలి కదల్లేదు. అరచేతుల మధ్య పెట్టి రుద్దాను. ఒక అంచు కరిగి, నీళ్లు మణికట్టు మీదుగా చేతితొడుగులోకి దిగాయి. మాస్కు పనికిరాలేదు సరికదా, సెమీఫైనల్‌లో కుడిచేతి వేళ్లకు స్కీ కర్ర పట్టు తెలియకుండా పోయింది. ఆఖరి స్థానం. ఆ రాత్రి పాత దగ్గు మళ్లీ వచ్చింది. జాలీ తడిగా ఉంటే గడ్డకడుతుందన్న ఒక్క ముక్క మాస్కుతో వచ్చిన కాగితంలో లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత నుంచి తీసిన వెంటనే రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, లోపలి చొక్కా కింద ఒంటికి ఆనించి పెట్టుకుంటున్నాను. చల్లగా, తడిగా, చిరాగ్గానే ఉంటుంది. కానీ మళ్లీ ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు. ఇంకో జాలీ కూడా కొని దగ్గర పెట్టుకున్నాను.

రెండో ఏడాది నేను కనబడినవాళ్లందరికీ దీన్ని పోటీలో కూడా తీయనక్కర్లేదని చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. మధ్యస్థ వేగంతో చేసే సాధనలో మాస్కు ఉన్న సంగతే గుర్తుండదు. చివరి ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఊపిరికి అడ్డుపడుతుంది, జాలీలోంచి గాలిని పిండుకుంటున్నట్టు ఉంటుంది. అందుకే ఇప్పుడు ప్రారంభానికి రెండు నిమిషాల ముందు తీసేస్తాను, ముగింపు గీత దాటి ఊపిరి కాస్త కుదుటపడగానే మళ్లీ పెట్టుకుంటాను. నాకు దగ్గు మొదలయ్యే ఆ పది నిమిషాల్లోనే దీని విలువంతా.

నాకు ఉబ్బసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ వాడుతూనే ఉన్నాను, మాస్కు వచ్చిందని దాన్ని మానలేదు. మైనస్ 5 దగ్గర మాస్కు సంచిలోంచి తీయను కూడా. పోటీ తర్వాత దగ్గు రానివాళ్లకు మెడకు చుట్టుకునే గుడ్డను నోటిమీదకు లాక్కుంటే సరిపోవచ్చు, వాళ్ల సంగతి నేను చెప్పలేను. నా ఛాతీ మైనస్ 12 దగ్గరే మొరాయిస్తుంది కనుక, ఇది పాడైతే మళ్లీ ఇదే కొంటాను.