బ్రౌనీ చేసేవారికి తగిన ట్రే

అడుగుపలక విడిగా ఊడివచ్చే ఈ 8 అంగుళాల అల్యూమినియం ట్రే తప్పక కొనదగ్గది. లేత రంగు లోహం కాబట్టి 180 డిగ్రీల వేడిలో అంచులు మాడవు, నడిమి భాగం మెత్తగా నిలుస్తుంది. నల్లటి ట్రేలలో అంచులు ముందే గట్టిపడతాయి. పలకను కింది నుంచి నెడితే బ్రౌనీ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. పలక మీదే ఉంచి, బ్రౌనీపై క్రీము పూసి పండ్లు పేర్చి అందరి ముందూ పెట్టవచ్చు. పూర్తిగా చల్లారాకే పేర్చండి, లేకపోతే కింద పూసిన క్రీము కరిగి జారిపోతుంది. శీతాకాలంలో వచ్చే మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలు, పైన గుప్పెడు దానిమ్మ గింజలు: ఆ పులుపు చాక్లెట్ చేదుకు ఎంత బాగా కుదురుతుందో! మామిడి మాత్రం వద్దు, దాని పరిమళం చాక్లెట్‌లో కలిసిపోతుంది. 16 ముక్కలు వస్తాయి, మా అంతస్తులోని ఇళ్లన్నిటికీ సరిపోయాయి. పిండి పలచనైతే పలక సందులోంచి కారుతుంది. వెన్నకాగితం పరచడం మరవకండి.