స్టెప్నీ లేని స్పోర్ట్స్ కారుకు ఏది మేలు: పంచర్ కిట్టా, రన్‌ఫ్లాటా, చిన్న స్టెప్నీయా?

మల్లంపల్లి దాటి వరంగల్ వైపు వస్తున్నాం. రాత్రి ఎనిమిదిన్నర. ఎదురు లారీ లైట్లలో గుంత కనిపించలేదు. ధన్‌మని చప్పుడు, వెంటనే స్టీరింగ్ ఎడమకు లాగింది. దిగి ఫోన్ లైటు వేసి చూస్తే ముందు ఎడమ టైరు పక్కగోడ మీద బొటనవేలు పట్టేంత కోత. బావ డిక్కీలోంచి సీలెంట్ డబ్బా తీసి వాల్వుకు బిగించి కంప్రెసర్ ఆన్ చేశాడు. రెండు నిమిషాలు తెల్లటి నురగ ఆ కోతలోంచి బయటికి వస్తూనే ఉంది. ప్రెజర్ ముల్లు సున్నా దగ్గరి నుంచి కదలలేదు. అటుగా బైక్ మీద పోతున్న పంచర్ షాపు తమ్ముడు ఆగి చూసి, "అన్నా, మేకు గుచ్చితే నేను చేస్తా. పక్కకు కోసింది, దీనికి పంచర్ పడదు" అన్నాడు. హనుమకొండ నుంచి ఫ్లాట్‌బెడ్ బండి వచ్చేసరికి పదకొండు దాటింది.

కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎండబ్ల్యూ జడ్4, 35ఐ మోడల్. రెండే సీట్లు, పైకప్పు మడిచి డిక్కీలోకి పోయే రకం. కంపెనీ దీన్ని స్టెప్నీ లేకుండా, రన్‌ఫ్లాట్ టైర్లతో అమ్మింది, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి పక్కగోడల టైర్లు. పాత ఓనర్ ఆ టైర్లు అరిగాక మామూలు టైర్లు వేయించాడు. రన్‌ఫ్లాట్ గట్టిగా ఉంటుంది, మన రోడ్ల మీద నడుం నొప్పి, అందుకే చాలామంది అదే చేస్తారు. కానీ అలా మార్చిన రోజు నుంచి కారుకు రన్‌ఫ్లాటూ లేదు, స్టెప్నీ కూడా లేదు. ఇలాంటి కారు కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే. టైరు మీద రన్‌ఫ్లాట్ గుర్తు ఉందా లేదా చదవండి.

ఇంకో సంగతి. 2020 జూలైలో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి ఎంతుందో చెప్పే వ్యవస్థ, పంచర్ కిట్టు ఉంటే కారుకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అందువల్ల ఈ ఇబ్బంది స్పోర్ట్స్ కార్లకే పరిమితం కాలేదు. మామూలు కార్లు కూడా కొన్ని ఇప్పుడు కిట్టుతోనే వస్తున్నాయి.

సరే, మరి ఏది మేలు? నేను చూసినదాన్ని, కొలిచినదాన్ని బట్టి ఒక్కొక్కటీ చెబుతున్నాను.

ముందుగా పంచర్ కిట్టు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి జిగురు తాడు దూర్చే కిట్టు. రెండోది సీలెంట్ డబ్బా, దానితో పాటు 12 వోల్టుల కంప్రెసర్. తాడు కిట్టు నాకు నచ్చుతుంది. మేకు పీకి, సూదితో రంధ్రం సాఫు చేసి, తాడు దూర్చి, మిగిలింది కోసేసి గాలి కొడితే పావుగంట పని. రోడ్డుకు ఆనే భాగంలో గుచ్చుకున్న మేకుకు ఇంతకంటే సులువైన దారి లేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటలో తిరిగేటప్పుడు అది కూడా అక్కర్లేదు, ప్రతి చౌరస్తా దగ్గరా పంచర్ షాపు ఉంటుంది. సీలెంట్ సుమారు ఆరు మిల్లీమీటర్ల రంధ్రం దాకా పనిచేస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా పోయి టైరు విప్పి కడిగించాలి, ఆ పనికి షాపువాళ్లు ముఖం చిట్లిస్తారు. డబ్బాకు గడువు తేదీ కూడా ఉంటుంది. మన ఎండలకు డిక్కీలో ఏళ్ల తరబడి పడి ఉన్న డబ్బాను నమ్ముకోవద్దు.

కిట్టుతో అసలు ఇబ్బంది ఏమిటంటే, మన దగ్గర ఇలాంటి కార్లను దారిలో నిలబెట్టేది ఎక్కువగా మేకు కాదు. గుంత అంచు, కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల నుంచి పడిన రాయి, భూపాలపల్లి రోడ్డులో చెదిరిన మార్జిన్. నా కారు ముందు టైరు 225/40, 18 అంగుళాలు. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, 90 మిల్లీమీటర్లే, జానెడు కూడా లేదు. గుంతలో పడితే రిమ్ముకు, రాయికి మధ్య రబ్బరు నలిగి చీలుతుంది. అక్కడ తాడూ పనికిరాదు, సీలెంటూ పనికిరాదు.

రన్‌ఫ్లాట్‌కు తిరిగి వెళ్లడం రెండో దారి. దీన్ని తక్కువ చేయను. గాలి మొత్తం పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్లు పోవచ్చు. చీకట్లో జాకీ వేయాల్సిన పని లేదు, ఆడవాళ్లు ఒంటరిగా నడిపే కారుకు ఇదే నా మొదటి సలహా. ములుగులో గాలి పోతే హనుమకొండ ఇంటికి చేరతాం. అదే ఏటూరునాగారంలో పోతే దూరం వంద కిలోమీటర్ల పైనే, తాడ్వాయి అడవి దాటినా వరంగల్ చేరకముందే ఆ హామీ అయిపోతుంది. పక్కగోడ మరీ చీలిపోతే రన్‌ఫ్లాట్ కూడా నిలబడదు. ధర మామూలు టైరు కంటే బాగా ఎక్కువ. నా సైజు వరంగల్‌లో ఎప్పుడు అడిగినా హైదరాబాద్ నుంచి తెప్పిస్తామనే చెప్పారు.

పూర్తి సైజు స్టెప్నీ సంగతి తొందరగా తేల్చేస్తాను. ముందు 225, వెనుక 255 వెడల్పు ఉన్న కారుకు ఏ సైజు మోయాలి? డిక్కీ కప్పు వేసినప్పుడు 310 లీటర్లు, కప్పు మడిస్తే 180. ఈ కారుకు అది కుదరదు.

ఇక చిన్న స్టెప్నీ, స్పేస్ సేవర్ అంటారు. స్టెప్నీ అన్న మాటే వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904 ప్రాంతంలో డేవిస్ సోదరులు అక్కడ తయారు చేసింది ఆకులు (స్పోకులు) లేని వట్టి రిమ్ము, దానికో టైరు. పంచరైన చక్రం పక్కన దాన్ని బిగించి ఇంటికి పోయేవాళ్లు. అంటే మొదటి స్టెప్నీ కూడా ఇంటిదాకా చేర్చే వస్తువే. ఈ సన్న టైరు కూడా అంతే పని చేస్తుంది, నాకు కావాల్సింది కూడా అంతే.

కానీ దాన్ని వెతకడం తేలిక కాదు. ఒక షాపులో స్కోడా నుంచి విప్పిన సన్న టైరు చూపించి "అయిదు బోల్టులే కదా, పడుతుంది" అన్నారు. పడదు. నా కారు బోల్టుల వలయం, అంటే బోల్టులన్నీ కూర్చునే వృత్తం వ్యాసం, 120 మిల్లీమీటర్లు, దానిది 112. ఒక్కో రంధ్రం దగ్గర నాలుగు మిల్లీమీటర్ల తేడా. బలవంతంగా బిగిస్తే బోల్టు వంకరగా కూర్చుని దారిలో వదులైపోతుంది. నడిమధ్య రంధ్రం కూడా చూడాలి. నాది 72.6 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్నదైతే హబ్ మీద ఎక్కనే ఎక్కదు. పెద్దదైతే ఎక్కుతుంది కానీ ఆడుతుంది, మధ్యలో రింగు కావాలి. కాబట్టి అదే కంపెనీ, అదే వలయం ఉన్న సెడాన్ల వైపు చూడండి. మన దేశంలో అమ్మిన కొన్ని త్రీ సిరీస్ కార్లకు డిక్కీలో సన్న స్టెప్నీ పెట్టి ఇచ్చారు. యాక్సిడెంటైన కార్ల నుంచి విప్పినవి హైదరాబాద్ స్క్రాప్ షాపుల్లో దొరుకుతాయి.

మొదట దొరికింది 16 అంగుళాల రిమ్ము, టైరు 125/90. దాని మొత్తం ఎత్తు 631 మిల్లీమీటర్లు, నా టైరు 637. లెక్కలో భేషుగ్గా ఉంది. ఇంటికి తెచ్చి ముందు చక్రం చోట పెడితే బ్రేక్ క్యాలిపర్‌కు తగిలి లోపలికి పోలేదు. 35ఐకి బ్రేకులు పెద్దవి. వెనక్కిచ్చి 17 అంగుళాలది, 135/80 తెచ్చాను. ఎత్తు 648, రెండు శాతం లోపు తేడా. ముందూ వెనుకా బిగించి, చేత్తో తిప్పి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, కాలనీలో ఒక రౌండు నడిపాక గానీ డబ్బులు పూర్తిగా ఇవ్వలేదు. మీరు కూడా అలాగే చేయండి, లెక్క కుదిరినంత మాత్రాన కొనొద్దు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటిన రబ్బరు అరగకపోయినా వద్దు.

ఇందులో గాలి 60 పీఎస్ఐ ఉండాలి. షాపుల్లో అలవాటుగా 35 కొట్టి పంపిస్తారు, దగ్గరుండి చెప్పండి. వేగం 80 దాటకూడదు. వెనుక చక్రాలు లాగే కారు కాబట్టి వెనుక బిగిస్తే ఎత్తు తేడా వల్ల డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) మీద భారం పడుతుంది, అందుకే వెనుకకైతే ఇంటిదాకానే, మర్నాడే అసలు టైరు. వానలో బ్రేకు ముందుగానే తొక్కాలి. సన్న టైరు పట్టు తక్కువ.

స్టెప్నీ కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఈ కారుతో జాకీ రాలేదు, పానా రాలేదు. కింద జాకీ పెట్టేచోటు ప్లాస్టిక్ గుంటలా ఉంటుంది, దానికి సరిపోయే రబ్బరు దిమ్మ కావాలి. కారు కిందికి ఉంటుంది కాబట్టి పొట్టి జాకీ చూసుకోండి. దీనికి నట్లు కాదు, బోల్టులు. చక్రం ఎత్తి పట్టుకుని రంధ్రాలు కలపడం చీకట్లో నరకం. ముందు ఒక గైడ్ పిన్ను బిగించుకుంటే చక్రం దాని మీద నిలుస్తుంది. దొంగల భయానికి వేసిన లాక్ బోల్టు ఉంటే దాని తాళం ముక్క కారులోనే ఉండాలి. పాత ఓనర్ దగ్గర అది అడిగి తీసుకోకపోతే మిగతా సామానంతా వృథా. బిగింపు 120 న్యూటన్ మీటర్లు. దారిలో పానాతో గట్టిగా బిగించినా, ఇంటికొచ్చాక బిగింపు ఎంతో కొలిచే టార్క్ పానాతో సరిచూడాలి.

నష్టం కూడా చెప్పాలి. స్టెప్నీ డిక్కీలో ఉంటే కప్పు మడవడం కుదరదు. రామప్పకు, లక్నవరం చెరువుకు కప్పు తీసి పోవాలనే కదా ఇలాంటి కారు కొన్నది. పైగా స్టెప్నీ బిగించాక విప్పిన వెడల్పు చక్రం ఎక్కడ పెట్టాలి? సామాన్లు తీసి పక్క సీట్లో కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టి, చక్రాన్ని డిక్కీలోకి తోయాలి. పాత దుప్పటి ఒకటి ఉంచుకోండి.

వీటన్నింటికీ పైన ఫ్లాట్‌బెడ్ నంబరు ఫోన్లో ఉండాలి. కొక్కెం తగిలించి లాక్కుపోయే బండి వద్దు. ఆటోమేటిక్ కారును వెనుక చక్రాలు నేల మీద దొర్లిస్తూ లాగితే గేరుబాక్స్ దెబ్బతింటుంది.

నేను తేల్చుకున్నది ఇది. కొత్త టైర్లు వేయించే సమయం వచ్చి, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, నగరంలోనూ హైదరాబాద్ రోడ్డు మీదా తిరిగేవాళ్లకు రన్‌ఫ్లాట్. టైర్లు ఇంకా బాగుంటే నగరానికి తాడు కిట్టు, కంప్రెసర్ చాలు. ములుగు దాటి అడవి వైపు, భూపాలపల్లి, కాళేశ్వరం వైపు పోయేవాళ్లకు మాత్రం చిన్న స్టెప్నీయే మేలు. పక్కగోడ చీలినా నడిరాత్రి మనల్ని ఇంటికి తెచ్చేది అదొక్కటే. కప్పు మడవలేకపోయినా ఆ దారిలో నేను అదే తీసుకెళ్తాను.

మా ఇంట్లో స్టెప్నీ ఇప్పుడు మెట్ల కింద ఉంటుంది, పక్కనే జాకీ, పానా, గైడ్ పిన్ను, దుప్పటి ఒకే సంచిలో. దూరం పోయే రోజు బావ ముందుగా గేజీ పెట్టి 60 ఉందో లేదో చూస్తాడు. పోయిన నెల 48 చూపించింది.